గుమ్మడిగెడ్డ డైవరు

మా జిల్లాలో డ్రైవరు అన్న మాటను పూర్తిగా పలికే ఓపిక ఎవరికీ లేదు. డ కింద వేలాడే క్రావడి నోటికి అడ్డమని కాబోలు, దాన్ని పీకి పక్కన పెట్టి అందరూ డైవరనే అంటారు. బస్సు నడిపేవాడూ డైవరే, ట్రాక్టరు నడిపేవాడూ డైవరే. గుమ్మడిగెడ్డ జలాశయం డివిజన్ ఆఫీసులో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఈఈ గారి జీపు నడిపే గొర్లె పోలినాయుడు, అంటే నేను, కూడా డైవరునే. పోయింది ఒక ఒత్తే కదా, దానివల్ల మనకొచ్చే నష్టమేముందని పద్దెనిమిదేళ్ళు హాయిగా ఉన్నాను.

ఆ పద్దెనిమిదేళ్ళూ నేను వర్కుచార్జి మనిషిని. అంటే పని ఉన్నంతకాలం ఉద్యోగం, ఉద్యోగం ఉన్నంతకాలం భయం. ఆఫీసుకు కొత్త ఈఈ గారు వచ్చినప్పుడల్లా మా ఆవిడ సన్యాసమ్మ పైడితల్లికి కొబ్బరికాయ మొక్కుకునేది. పెళ్ళయిన నాటి నుంచి ఆవిడ కోరిక ఒక్కటే, నేను పెర్మనెంటు కావాలి. నగలూ చీరలూ ఎప్పుడూ అడగలేదు. ఒకటి రెండుసార్లు అడిగిందేమో గాని నాకు వినపడలేదు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తే మంచిది. నాకు ఈత రాదు. రాకపోవడమే కాదు, నీళ్ళంటే చచ్చేంత భయం. జలాశయం గట్టు మీద జీపు నడిపేటప్పుడు నేను నీళ్ళవైపు చూడను, కొండవైపే చూస్తాను. నీటిపారుదల శాఖ ఉప్పు తింటూ ఇదేం బుద్ధని మీరడగవచ్చు. ఉప్పు తిన్నాను గాని ఆ నీళ్ళు ఎప్పుడూ తాగలేదు.

ఇలా ఉండగా రాజధానిలో ఒక పెద్ద అధికారి సెలవు పెట్టి దీవులకు విహారానికి వెళ్ళారు. అక్కడ వీపుకు గాలి సిలిండరు కట్టించుకుని సముద్రంలో దిగి, రంగురంగుల చేపల్నీ పగడాల దిబ్బల్నీ చూసి వచ్చారు. వచ్చాక ఆయన కంటికి నేల మీద ఏదీ ఆనలేదు. సముద్రం రాష్ట్రానికి ఒక పక్కనే ఉంది, జలాశయాలు జిల్లా జిల్లాకూ ఉన్నాయి, ఇన్ని నీళ్ళు పెట్టుకుని మనం ఉత్త వరి పండించుకుంటున్నామేమిటని బాధపడ్డారట. ఆ బాధలోంచి జలగర్భ వినోద మిషన్ అనే కొత్త సంస్థ పుట్టింది. దానికి ఆయనే డైరెక్టరయ్యారు.

మిషన్ నుంచి మా ఆఫీసుకు మొదటి కాగితం వచ్చింది. ఉత్తరప్రత్యుత్తరాలన్నీ తెలుగులోనే సాగాలన్న ఉత్తర్వు అప్పుడు కొత్త. అందుకని అది తెలుగులోనే ఉంది. జలాశయంలో అనుభవజ్ఞుడైన డైవరు ఉన్నదీ లేనిదీ తెలియపరచవలెను, ఉన్నచో సదరు డైవరును క్రమబద్ధీకరించుటకు తగు చర్య తీసుకొనబడును అని రాశారు.

సూపరింటెండెంటు కామాక్షి మేడమ్ దాన్ని పైకి చదివారు. ఆఫీసులో అందరి తలలూ నావైపు తిరిగాయి. టైపు చేసినవాడు క్రావడి మర్చిపోయాడని మేడమ్ ఇట్టే కనిపెట్టారు గాని, పై ఆఫీసు వాళ్ళ తప్పును దిద్దకూడదు, అనుసరించాలి అన్నది ఆవిడ సర్వీసంతటి అనుభవం. అందుకని జవాబులో ఆవిడ కూడా క్రావడి తీసేసే రాశారు. ఈ డివిజనులో ఒక డైవరు కలడు, అనుభవము పద్దెనిమిది సంవత్సరములు, ఇంతవరకు జరిగిన ప్రమాదములు ఒకటి, గేదె.

గేదె సంగతి నిజమే. చీకటిపడుతున్న వేళ గట్టు మీద జీపుకు అడ్డొచ్చింది. దానికి కొమ్ము విరిగింది, నాకు నోటీసు వచ్చింది. రాజధానిలో మాత్రం దాన్ని ఇంకో రకంగా చదువుకున్నారని తర్వాత తెలిసింది. సముద్రంలో సొరచేపను ఎదుర్కొన్నవాళ్ళు దేశంలో చాలామంది ఉన్నారు, మంచినీళ్ళలో మునిగి గేదెతో తలపడి బతికి బట్టకట్టినవాడు ఒక్కడేనని డైరెక్టరు గారు మీటింగులో పొంగిపోయారట.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. గొర్లె పోలినాయుడును స్కూబా డైవరుగా క్రమబద్ధీకరించడమైనది. నేను ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నాను. స్కూబా అంటే కొత్తగా వచ్చిన బండి పేరనుకున్నాను. పేరులోనే ఉంది కదా దర్జా, ఏసీ కూడా ఉంటుందని మెకానిక్కుతో చెప్పాను. వీధంతా మినపసున్నుండలు పంచాం. మా వాడకట్టులో మొదటిసారి స్కూబా నడపబోయేది నేనేనని సన్యాసమ్మ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పింది. వెనక సీట్లో ఎంతమంది పడతారని ఎవరో అడిగితే, ఎనిమిది మంది సుఖంగా కూర్చోవచ్చని చెప్పినవాణ్ణి నేను.

బండి రాలేదు. ఒక పెట్టె వచ్చింది. విప్పితే అందులో ఒక గాలి సిలిండరు, ముక్కూ కళ్ళూ మూసే అద్దాల తొడుగు, ఒంటిని పట్టేసే నల్లటి రబ్బరు చొక్కా, కాళ్ళకు తొడుక్కునే రెండు బాతుకాళ్ళు ఉన్నాయి. చక్రాల కోసం పెట్టె అడుగుదాకా వెతికాను. కామాక్షి మేడమ్ కూడా నాతోపాటు వంగి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, తాపీగా కుర్చీలో కూర్చున్నారు.

ఇద్దరం కలిసి ఈఈ శేషఫణి గారి గదిలోకి వెళ్ళాం. ఆయన అంతా విని, నేను డ్రైవరునే గాని డైవరును కాదని రుజువేమైనా ఉందా అని అడిగారు. పద్దెనిమిదేళ్ళుగా మీ జీపు నడుపుతున్నది నేనే కదండీ అన్నాను. ఆయన నా మొహంలోకి తేరిపార చూశారు. ఆయనకు ఇన్నాళ్ళూ నా వీపే పరిచయమని నాకప్పుడే తెలిసింది.

"చూడు పోలినాయుడూ, ఉత్తర్వులో ఏమని ఉందో అదే నువ్వు. ఉత్తర్వు తప్పంటే క్రమబద్ధీకరణ తప్పు. క్రమబద్ధీకరణ తప్పయితే నువ్వు మళ్ళీ వర్కుచార్జి కూడా కావు, ఎందుకంటే ఆ పోస్టు రద్దు చేసి ఇది ఇచ్చారు. అప్పుడు నువ్వెవరివో చెప్పడానికి ఏ నిబంధనా లేదు."

ఇంటికి వెళ్ళి సన్యాసమ్మకు చెప్పాను. మర్నాడు నాకు తెలియకుండా కామాక్షి మేడమ్‌ను కలిసి, పెర్మనెంటు ఉద్యోగి డ్యూటీలో పోతే భార్యకు ఉద్యోగం ఇస్తారా అని అడిగి వచ్చింది. ఇస్తారట, దాన్ని కారుణ్య నియామకం అంటారట. నాకు ఒళ్ళు మండింది.

"నానేటి నువ్వు పోవాలనా అడిగినాను? వర్కుచార్జి మీద పోతే అదీ నేదు. బతికితే జీతం, పోతే కారుణ్యం. ఇన్నాల్లకి మనకో దారి దొరికినాది. నీల్లలోకి దిగమంటే దిగు, నానూ గట్టు మీదే ఉంటాను" అంది. అని, కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ రాత్రి నాకు ఆవిడే అన్నం కలిపి పెట్టింది, చిన్నపిల్లాడికి పెట్టినట్టు. నాకు భయం ఇంకా ఎక్కువైంది.

మా ఆఫీసులో డైవరు పోస్టు వాహనాల పద్దు కింద ఉంది. కాబట్టి ఆ పెట్టెలో వచ్చినదంతా వాహనమని తేలింది. సిలిండరుకు నంబరు రాయించారు. నాకు ఏటా ఇచ్చే ఖాకీ బట్టలు రబ్బరు చొక్కా మీద తొడుక్కోవాలా లోపల తొడుక్కోవాలా అన్న దాని మీద ఫైలు నడిచింది. పైన తొడుక్కోవాలని నిర్ణయమైంది, ఎందుకంటే యూనిఫారం బయటికి కనబడాలి. నేను లోపలినుంచి బుడగలు వదులుతాను కనుక పొగ కాలుష్య పత్రం కూడా తెమ్మన్నారు. పెట్రోలు బంకు పక్కన డబ్బాలో ఉండే కుర్రాడు నా నోట్లో గొట్టం పెట్టి, పరవాలేదని ముద్ర వేసి ఇచ్చాడు.

ఇక జీపు ఖాళీ అయింది కదా. దానికి మనిషిని తెచ్చే కాంట్రాక్టు సంస్థ పేపర్లో చిన్న ప్రకటన వేసింది. గుమ్మడిగెడ్డ జలాశయమునకు అనుభవజ్ఞుడైన డైవరు కావలెను. అది చూసి భీమిలి అవతల పాలెం నుంచి మైలపిల్లి నూకరాజు అనే జాలరి వచ్చాడు. సముద్రం అడుగుకు దిగి తెగిన వలలు తీసేవాడు, మునిగిన పడవలకు తాళ్ళు కట్టేవాడు, సర్టిఫికెట్టు కూడా ఉన్న అసలైన డైవరు. జాయినింగు రిపోర్టు తీసుకుని మేడమ్ అతని చేతిలో జీపు తాళం పెట్టారు.

"నాను పుట్టి పెరిగినాది సముద్రంలో. క్లచ్చేదో బ్రేకేదో నాకేటి తెలుస్తాది పోలన్నా?" అని అతను నా దగ్గర వాపోయాడు. అతనికి ఈ ఉద్యోగం అవసరమే. పడవ తుఫానులో పగిలిపోయింది, ఇంటి దగ్గర ముగ్గురు పిల్లలు. నేను నా పెట్టె చూపించాను. అతను ఆ బాతుకాళ్ళను తన సొంత చెప్పుల్లా తీసుకుని తొడుక్కున్నాడు.

ఆ తర్వాత చెప్పేదేముంది. నీళ్ళలో దిగే పరీక్షలు వచ్చినప్పుడు నా ఖాకీ చొక్కా, నా పేరు బిళ్ళ వేసుకుని నూకరాజు దిగేవాడు. అద్దాల తొడుగు పెట్టుకుంటే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. ఈఈ గారు మీటింగుకు బయల్దేరినప్పుడు నూకరాజు పేరు మీద నేను జీపు నడిపేవాణ్ణి. అక్కడ తొడుగు కూడా అక్కర్లేదు, ఆయన ఎక్కగానే ఫోన్లోకి దూరతారు. ఆ రెండు నెలలూ మా డివిజనులో పని ఎప్పుడూ లేనంత సవ్యంగా జరిగింది. కాగితాల్లో మాత్రమే అంతా తలకిందులుగా ఉంది.

నూకరాజు మొదటిసారి దిగి పైకి వచ్చినప్పుడు లోపలేం కనబడిందని అడిగాను. తన చెయ్యే తనకు కనబడలేదన్నాడు. గెడ్డ అంటే కొండవాగే కదా, నీళ్ళంతా ఎర్రమట్టి. ఆ సంగతే ఈఈ గారు మెత్తటి మాటల్లో పైకి రాశారు. డైరెక్టరు గారి నుంచి జవాబు వచ్చింది. ఏమియూ కనబడకపోవుటను లోపముగా భావించరాదు, పర్యాటకునకు అంతర్ముఖ దర్శనానుభూతి కలుగును అని. అయినా కాస్త బహిర్ముఖంగా కూడా ఉండాలని పగడాల దిబ్బ ఒకటి కట్టించమన్నారు. వినాయక విగ్రహాలు చేసే సాంబయ్య గారి బృందానికి పని ఇచ్చారు. పర్యావరణ నిబంధనల ప్రకారం ప్లాస్టర్ వాడకూడదు, పచ్చి మట్టితోనే చేయాలి. లారీడు మట్టితో అందమైన పగడాలు చేసి, రంగులు వేసి, నీళ్ళలో దించారు. తెల్లారేసరికి అవి కరిగి నీళ్ళు ఇంకా ఎర్రబడ్డాయి. సంతలో కొన్న రంగు చేపల్ని వదిలితే కొర్రమీనులు ఆ పూట పండగ చేసుకున్నాయి.

ఈ లోగా ఆడిట్ వాళ్ళు వచ్చారు. సిలిండరు వాహనం కనుక ఒకసారి నింపితే ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో చూశారు. ఇచ్చింది నలభై గజాలు. వాళ్ళకు అంతకన్నా పెద్ద తప్పు ఒకటి దొరికింది. సదరు డైవరు నీటియందు ఆగి ఉన్న సమయమున కూడా గాలి ఖర్చు అయినట్లు కనబడుచున్నది, వాహనము ఆగి ఉన్నప్పుడు ఇంజను ఆపివేయవలెనన్న నిబంధన ఉల్లంఘించబడినది, సంజాయిషీ ఇవ్వవలెను అని రాసి వెళ్ళారు.

ఈఈ గారు దాని కింద వెంటనే మెమో ఇచ్చారు. డైవరు ఇకమీదట ఆగి ఉన్నప్పుడు ఊపిరి పీల్చుట మానవలెను. నేను హామీపత్రం రాసి సంతకం పెట్టాను. నూకరాజుకు చెబితే అతను నవ్వలేదు, పాపం, భయపడ్డాడు. నీళ్ళలో ఒక్కటే సూత్రం, ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదు, బిగబడితే మనిషి దక్కడు అన్నాడు. నేను పరవాలేదు, నిబంధన నా పేరు మీద ఉంది, నీళ్ళలో దిగేది నువ్వు కదా అని ధైర్యం చెప్పాను. నా ధైర్యం ఎప్పుడూ అంతే, ఇంకొకరికి చెప్పడానికే సరిపోతుంది.

ఆ ధైర్యం కాస్తా ప్రారంభోత్సవం కబురుతో దిగిపోయింది. డైరెక్టరు గారు స్వయంగా వచ్చి, గేదెను ఎదిరించిన పోలినాయుడు చెయ్యి పట్టుకుని, అతని పక్కనే మునుగుతారట. ముందు ఫోటో, తర్వాత కరచాలనం, ఆ తర్వాత తొడుగులు. అంటే నా మొహమే కావాలి. నూకరాజు జీపు దగ్గర నిలబడాలి. సన్యాసమ్మ మళ్ళీ పైడితల్లికి మొక్కింది, ఈసారి రెండు కొబ్బరికాయలు.

పంచాంగం చూసి పెట్టిన ముహూర్తం ముందుకు జరిగి వెనక్కు జరిగి చివరికి కార్తీకంలో పడింది. అప్పటికి జలాశయంలో నీళ్ళన్నీ కాలవకు వదిలేశారు, పొలాలు తాగేశాయి. మిగిలింది చివరి ఒక్క తడికి సరిపోయే నీరు. కాలవ శివారున సన్యాసమ్మ తమ్ముడు గవరయ్యకు ఎకరం పొలం ఉంది. వరి పొట్ట మీద ఉంది, ఆ ఒక్క తడీ అందితే గింజ పాలు పోసుకుంటుంది, లేకపోతే తాలే, గింజ లేని ఉత్త పొట్టు. నీరెప్పుడొదుల్తారు బావా అని అతను రోజూ నాకు ఫోను చేసేవాడు. ప్రారంభోత్సవం అయిన మర్నాడే వదుల్తారని చెప్పేవాణ్ణి. అది నిజమే, ఈఈ గారు అలాగే అనుకున్నారు.

మరి నీళ్ళు తగ్గితే మునగడం ఎలా అని మీరడగవచ్చు. ముప్పై అడుగులకు తగ్గిన లోతున వినోదము నిర్వహించరాదని మిషన్ మార్గదర్శకాల్లో ఉంది. అందుకని ఈఈ గారు వానాకాలంలో రాసిన ముప్పై రెండు అడుగులనే రోజూ రాస్తూ వచ్చారు. నీళ్ళు తగ్గిన సంగతి నాకు తెలియాల్సిందే గాని, చెప్పాను కదా, నేను కొండవైపు చూసేవాణ్ణి.

ఆ రోజు గట్టంతా షామియానాలు. సన్యాసమ్మ, గవరయ్య, చుట్టుపక్కల రైతులు, అందరూ వచ్చారు. నాకు రబ్బరు చొక్కా తొడిగి, దాని మీద ఖాకీ తొడిగి, వీపుకు సిలిండరు కట్టారు. పండుగకు అలంకరించిన ఎద్దులా నిలబడ్డాను. డైరెక్టరు గారు నా చెయ్యి ఊపుతూ, ఆ గేదె సంఘటన తీరిగ్గా వినాలయ్యా అన్నారు. నేను తల వంచుకుని నా బాతుకాళ్ళు చూసుకున్నాను. అది వినయం కింద జమైంది.

పడవ ఎక్కబోతుండగా నూకరాజు నా పట్టీలు సరిచేస్తున్నట్టు దగ్గరికొచ్చాడు. పక్కనే ఈఈ గారు ఉన్నారు. అందుకని చెవిలో ఒక్క ముక్క చెప్పాడు.

"బయమేస్తే నిలబడన్నా. అంతే."

ఎంత గొప్ప మాట అనుకున్నాను. చదువు లేకపోయినా సముద్రం మనిషికి తత్వం నేర్పుతుంది, కష్టంలో మనిషి నిలబడాలి అనుకున్నాను. కళ్ళు చెమర్చాయి. తొడుగు లోపల తుడుచుకోవడానికి వీల్లేకపోయింది.

పడవ కొంతదూరం పోయింది. డైరెక్టరు గారు దీవుల్లో నేర్చినట్టు వెనక్కి వాలి నీళ్ళలో పడ్డారు. నన్ను ఈఈ గారు తోశారు. ఎర్రటి చీకటి. ఆయన చెయ్యి నా చేతిలో ఉంది. నేను కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టకూడదన్న నూకరాజు సూత్రానికీ, ఆగి ఉన్నప్పుడు పీల్చకూడదన్న మెమోకూ మధ్య ఇరుక్కుని, ఆగకుండా ఉంటే రెండూ నెగ్గుతాయని మోకాళ్ళ మీద పాకడం మొదలుపెట్టాను. బురద మెత్తగా ఉంది. జలాశయానికి అడుగు ఇంత పైకి ఉంటుందని అప్పటికీ నాకు తట్టలేదు.

ఇంతలో డైరెక్టరు గారి చెయ్యి బిగుసుకుంది. తర్వాత ఆయన నన్ను పట్టుకుని గింజుకోసాగారు. నోట్లో గొట్టం ఊడిపోయినట్టుంది. బురద నీళ్ళు నా చుట్టూ సుడులు తిరిగాయి. ఇద్దరం పోయాం అనుకున్నాను. సన్యాసమ్మ కారుణ్య నియామకం కాగితం పట్టుకుని ఏడుస్తున్నట్టు కళ్ళకు కట్టింది. నాకు ఆవిడ మీద ఎంత ప్రేమో అప్పుడు తెలిసింది. ఇప్పుడే కదా పెర్మనెంటయ్యాను, ఒక్క పండక్కయినా ఆవిడకో పట్టుచీర కొనలేకపోయానే అనిపించింది. ఇక పోయేదే కదా, నూకరాజు చెప్పినట్టు ధైర్యంగా పోదామని నిలబడ్డాను.

నీళ్ళు నా నడుము దగ్గర ఆగిపోయాయి.

ఎండ మొహం మీద పడింది. గట్టు మీద వందల మంది చూస్తున్నారు. నాకు రెండు బారల దూరంలో ఒక గేదె, తల మాత్రం పైకి పెట్టి, నెమరు వేస్తూ కూర్చుని ఉంది. దానికి ఒక కొమ్ము విరిగి ఉంది. నేను వంగి డైరెక్టరు గారిని సిలిండరు పట్టుకుని పైకి లాగాను. ఆయన కూడా నిలబడ్డారు. బురద ఉమ్మి, తన నడుము చూసుకుని, నా నడుము చూసి, గేదెను చూశారు.

గట్టు మీంచి ఒక ముసలమ్మ కేకేసింది. "బాబూ, మా గేదిని కూడా అలాగే లేపీసి ఇటు తోలీండి. పాలు తీసీ ఏలయినాది."

డైరెక్టరు గారు నావైపు తిరిగారు. పెదవులు కదపకుండా "కూర్చో" అన్నారు. తాను కూడా మెడదాకా నీళ్ళలోకి దిగి కూర్చున్నారు. పడవలో ఉన్న ఈఈ గారిని లోతెంత అని అడిగారు. ముప్పై రెండు అడుగులు సార్ అన్నారు ఈఈ గారు, రికార్డు చూడకుండానే.

"విన్నావా పోలినాయుడూ. ముప్పై రెండు అడుగుల లోతున నేను మునిగిపోతుంటే నువ్వు ప్రాణాలకు తెగించి కాపాడావు. లేదా, నడుంలోతు నీళ్ళలో డైవరని చెప్పుకుని డ్రైవరు ఒకడు ప్రభుత్వాన్ని మోసగించాడు. నీకు ఏది జ్ఞాపకం?"

ఆయనకు ఎప్పటి నుంచి తెలుసో నాకు తెలియదు. గట్టు మీద సన్యాసమ్మ మెడ చాచి చూస్తోంది. గవరయ్య చెయ్యి అడ్డం పెట్టుకుని నీటి మట్టం చూస్తున్నాడు. నేను పెర్మనెంటు ఉద్యోగిని. కూర్చున్నాను.

ఆ తర్వాత అంతా కాగితాల మీద జరిగింది. నాకు సాహస పురస్కారం ప్రకటించారు. దానికి ఆధారంగా లోతు ముప్పై రెండు అడుగులేనని ముగ్గురు ఇంజనీర్ల కమిటీ గట్టు మీద టీ తాగి ధ్రువీకరించింది. అది తేలేదాకా నీటిని కదపవద్దన్నారు, గవరయ్య తడి ఆగిపోయింది. ధ్రువీకరణ వెళ్ళిన రోజునే సముద్రంలో వాయుగుండం అని హెచ్చరిక వచ్చింది. వాయుగుండం వస్తే నిండుగా ఉన్న జలాశయాల గేట్లు ముందుగానే ఎత్తాలి, ఎత్తకపోతే ఈఈ గారి మెడకు చుట్టుకుంటుంది. మా జలాశయం నిండుగా ఉందని కమిటీయే చెప్పింది. గేట్లు ఎత్తారు. గవరయ్య తడికి దాచిన నీళ్ళు కాలవకు కాకుండా గెడ్డలోకి పోయి, గెడ్డలోంచి సముద్రంలోకి పోయాయి. వాయుగుండం ఒడిశా వైపు వెళ్ళిపోయింది. చినుకు పడలేదు.

గవరయ్య ఫోను చేయడం మానేశాడు. సన్యాసమ్మ ఒకసారి వెళ్ళి తమ్ముడి పొలం చూసి వచ్చింది. నాకు ఇచ్చిన శాలువా మడత పెడుతూ, మామూలుగానే అడిగింది.

"ఆయేల నిలబడినావు కదా. నానే సూసినాను. నిలబడినోడివి మల్లీ ఎందుకు కూకున్నావు?"

సంజాయిషీలు రాయడం అలవాటైనవాడికి నోటితో చెప్పడం రాదు.

జలాశయం ఎండిపోయింది గనుక వినోదం ఆపేద్దామా అని ఈఈ గారు మిషన్‌ను అడిగారు. ఆపనక్కర్లేదని జవాబు. లోతు ముప్పై అడుగులకు తగ్గరాదని మార్గదర్శకాల్లో ఉంది గాని నీరు ఉండవలెనని ఎక్కడా లేదు, గట్టు నుంచి అడుగుకు కొలిస్తే లోతు అలాగే ఉన్నది కదా అని. నూకరాజు మాత్రం నీల్లు నేనికాడ నానేటి సేస్తానన్నా అని, నేర్చుకున్న రెండు గేర్లతో సరిపెట్టుకుని తన పాలెం వెళ్ళిపోయాడు. జీపు మళ్ళీ ఖాళీ అయింది. స్కూబా డైవరుకు దాన్ని అదనపు బాధ్యతగా అప్పగించారు.

కనుక ఇప్పుడు నేను జలాశయం అడుగున జీపు నడుపుతున్నాను. పర్యాటకులు అద్దాల తొడుగులు పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంటారు, అవి దుమ్ముకు బాగానే పనికొస్తాయి. సాంబయ్య గారి పగడాలు ఉన్నచోట ఎర్రటి గుట్ట ఉంది, అక్కడ ఆపుతాను. ఒంటికొమ్ము గేదె ఉంటే దాన్నీ చూపిస్తాను. ఎనిమిది మంది సుఖంగా పడతారు, అప్పుడు నేను ఊరికే అనలేదు. ఎవరైనా డైవరూ అని పిలిస్తే పలుకుతాను, ఏ డైవరని అడగను.

మొన్న ఆడిట్ వాళ్ళు మళ్ళీ వచ్చారు. ముప్పై రెండు అడుగుల లోతున జీపు ఇంజను ఎటుల నడిచినదో, డైవరు ఎటుల జీవించి ఉన్నాడో వివరించవలెనని అడిగారు. కామాక్షి మేడమ్ ఆలోచించి, సదరు డైవరు అంతసేపూ ఊపిరి బిగబట్టి నడిపెను అని జవాబు రాశారు. వాళ్ళు తృప్తిపడి అభ్యంతరం ఎత్తేశారు.

మేడమ్ అది కల్పించి రాశాననుకుంటున్నారు. పర్యటన చివర జీపు కాలవ గట్టెక్కి, శివారు మీదుగా తిరిగి రావాలి. అక్కడ గవరయ్య ఎకరం ఉంది, తాలు వరి తెల్లగా నిలబడి ఉంటుంది. అది దాటేదాకా నేను ఊపిరి తీసుకోను.